చక్కెర లేని టీలో చెంచా

రాజుగారి విందులో విషం కలిపిన గ్లాసు ఒక్కటే. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

వకీలు బావగారు పక్క గ్లాసు అందుకున్నారు. డ్రైవింగ్ స్కూలు తమ్ముడు ఆ పక్కది అందుకున్నాడు. అత్తగారు ఊలు అల్లుతూ, తల కూడా ఎత్తకుండా, తన దొంగ ఇవాళ మంచినీళ్లతో సరిపెట్టుకుంటుందని చెప్పారు. అట్ట తెర వెనక కూర్చున్న మాస్టరుకు పాచికలు ముట్టుకోవలసిన పనే పడలేదు. వారమంతా బుర్ర బద్దలు కొట్టుకుని పన్నిన పన్నాగం, ట్రేలో టీ చల్లారకముందే నీరుగారిపోయింది.

ఇలా జరగడం మొదటిసారి కాదు. కిందటి ఆదివారం గుర్రాల వ్యాపారి వేషంలో వచ్చిన గూఢచారిని, అతను నోరు తెరవకముందే తాళ్లతో కట్టి మూల పడేశారు. అంతకు ముందు మెట్ల మలుపులో దాచిన గోతిని, బడికి పోయే పిల్లల్లా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పక్కనుంచి దాటుకుపోయారు.

ఈ ఆటకు బోర్డు లేదు, పావులు లేవు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషై, తామేం చేస్తారో చెబుతారు. చేసిన పని ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. కథ చెప్పే మనిషే మాస్టరు. బావగారు కవచం తొడిగిన యోధుడు, తమ్ముడు వేటగాడు, అత్తగారు మరుగుజ్జు దొంగ. ఆ దొంగ కాళ్లకు ఇనుప బూట్లు. దొంగకు ఇనుప బూట్లేమిటని బావగారు మొదట్లోనే అభ్యంతరం లేవదీశారు. కాళ్లకు చలి అని అత్తగారు కేసు కొట్టేశారు.

బల్ల దగ్గర గట్టి నియమం ఒకటుంది. కథలో చచ్చినవాళ్లు ఆట అయ్యేదాకా నోరు విప్పకూడదు. ఒకసారి బావగారి యోధుడు బాణం తగిలి చచ్చాక, ఆ బాణం చట్టరీత్యా చెల్లదని ఆయన సాయంత్రందాకా వాదించారు. ఆ నియమం ఆ రోజు పుట్టింది.

మాస్టరు వారమంతా చెవుల క్లినిక్కులో వినికిడి పరీక్షలు చేస్తుంది. గాజు గదిలో పేషెంటు, బయట మీటల ముందు ఆమె. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆమె నోటినుంచి వచ్చే మాట ఒక్కటే: వినబడితే బటన్ నొక్కండి. ఇంట్లో భర్త మంచివాడే గాని, ఆమె రెండో వాక్యం మొదలుపెట్టేసరికి కునుకు తీస్తాడు. ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే వేరు. డాక్టరుగారు దయతలచి తాళం చెవి ఇచ్చిన ఆ క్లినిక్కు వెయిటింగ్ రూములోనే ముగ్గురు మనుషులు, ఈవిడ తర్వాత ఏం చెబుతుందా అని ముందుకు వంగి కూర్చుంటారు. ఆమెకు మిగిలిన ఆరు రోజులూ ఆ కుర్చీ కోసమే గడిచేవి.

విషం గ్లాసు వ్యవహారం ముగిశాక, సరిగ్గా ఆ కుర్చీ మీదే బావగారు చెయ్యి వేశారు.

"మరదలా, ఏమనుకోకు. మలుపులన్నీ మాకు ముందే తెలిసిపోతుంటే ఇక మాస్టరెందుకు? ఈ కథలో మేం వెతుకుతున్న కిరీటం రాజుగారి చేతికి చేరిందంటే, తర్వాతి కథకు ఆ కుర్చీలో నేను కూర్చుంటాను."

తమ్ముడు బిస్కెట్టు నములుతూ అక్కవైపు చూశాడు. అత్తగారు సూదులు ఆపలేదు. కాదంటే భయపడ్డట్టు ఉంటుంది గనక మాస్టరు ఒప్పుకుంది.

ఒప్పుకున్నాక భయపడింది. బావగారు మాస్టరైతే ఏమవుతుందో అందరికీ అనుభవమే. ఆమెకు జ్వరం వచ్చిన వారం ఆయన కథ నడిపారు. కథ మొత్తం న్యాయస్థానంలో జరిగింది. వాదీ ఆయనే, ప్రతివాదీ ఆయనే, తీర్పు చెప్పిందీ ఆయనే. వేటగాడికి ఒకసారి లేచి నిలబడే అవకాశం దొరికింది. దొంగ వంతు రానేలేదు.

మలుపులు ముందే తెలిసిపోతున్నాయంటే కథ దొంగిలించే దొంగ ఎవరో లోపలే ఉన్నారు, పట్టుకోవాలి. మాస్టరు ఆలోచన ముందుగా అటే పరుగెత్తింది. ఆమె వీపు వెనకే పరీక్ష గది గాజు కిటికీ ఉంది. తెర వెనక ఆమె పెట్టుకునే కాగితాలు అందులో ప్రతిఫలిస్తున్నాయేమో. ఆమె కిటికీకి దుప్పటి కట్టింది. ఆ ఆదివారం తేనె అమ్ముకునే ముసలమ్మ రూపంలో మంత్రగత్తె వచ్చింది. ముగ్గురూ ఆమె దగ్గర తేనె కొనలేదు సరికదా, బుట్ట తిరగేసి పాముల్ని బయటికి తీశారు.

"నేనూ అదే అనుకున్నాను," అన్నారు బావగారు. ప్రతిసారీ ఆయన అనే మాట అదే.

అయితే తాను టీ తేవడానికి లోపలికి వెళ్లినప్పుడే ఎవరో తెర వెనక్కి తొంగి చూస్తున్నారని మాస్టరు తీర్మానించుకుంది. మరుసటి ఆదివారం పాత ఫోనొకటి తెచ్చి, రికార్డింగ్ నొక్కి, పాచికల గిన్నె పక్కన పెట్టింది. ఎందుకని తమ్ముడు అడిగాడు.

"నన్ను నేను మెరుగుపరచుకోవడానికి. ఇంటికెళ్లి వింటే తప్పులు తెలుస్తాయి కదా."

మంచి ఆలోచన అని బావగారు మెచ్చుకుని, గొంతు సవరించుకుని, ఆ రోజంతా ఫోనువైపు తిరిగి మాట్లాడారు.

మర్నాడు మధ్యాహ్నం, పేషెంట్లు లేని వేళ చూసి, మాస్టరు క్లినిక్కు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. తన గొంతును తానే మొదట పోల్చుకోలేకపోయింది. జలుబు చేసిన బాతు ఏదో రాజ్యం గురించి ఉపన్యాసం ఇస్తున్నట్టుంది. ఒక తలుపును వర్ణిస్తూ ఆ బాతు ఎంతసేపు గడిపిందంటే, చివరికి తలుపు తెరుచుకున్నప్పుడు తమ్ముడు ఆవులించడం స్పష్టంగా వినబడింది. ఎవరు ఏమన్నా "సరే సరే" అంటోంది. అత్తగారు నోరు తెరిస్తే చాలు, మాట పూర్తికాకముందే ఆ సరే సరే వచ్చి మీద పడుతోంది.

మాస్టరు ఇవన్నీ పక్కన పెట్టింది. ఆమెకు కావలసింది దొంగ. తాను రెండో విడత టీకి వెళ్లిన చోటికి రికార్డింగ్ జరిపి, ఊపిరి బిగబట్టి విన్నది. తమ్ముడు బిస్కెట్లు నమిలాడు. బావగారు మర్నాటి కేసులో చెప్పబోయే వాక్యం ఒకటి రెండు రకాలుగా అని చూసుకున్నారు. అత్తగారి సూదులు టిక్కు టిక్కుమన్నాయి. తెర కదల్లేదు, కాగితం చప్పుడు కాలేదు. ఎవరూ లేవనేలేదు.

మరో రెండు ఆదివారాలు రికార్డు చేసింది. నేరం జరుగుతూనే ఉంది, నేరస్థుడు మాత్రం దొరకడం లేదు.

చివరికి ఆధారం పేషెంటు రూపంలో నడిచి వచ్చింది. ఆయన రిటైరైన రైలు గార్డు. గాజు గదిలో కూర్చుని, ప్రతి శబ్దానికీ ఠంచనుగా బటన్ నొక్కుతున్నాడు. కొడుకు చూస్తే నాన్నకు బొత్తిగా వినబడదని రాసి పంపాడు. అనుమానం వచ్చి, మాస్టరు మీటమీద చెయ్యి వేసి శబ్దం పంపకుండా ఊరుకుంది. గార్డు బటన్ నొక్కాడు.

ఆమె తలుపు తెరిచి, దగ్గరికి వెళ్లి, గట్టిగా అడిగింది. "వినబడిందా, బాబాయిగారూ?"

"వినబడలేదమ్మా. మీ భుజం లేచింది. మా ఉద్యోగంలో జెండా లేస్తే చాలు, చప్పుడుతో పనిలేదు."

పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయవలసి వచ్చింది. ఈసారి కుర్చీ గోడవైపు తిప్పించింది. ఆయనకు నిజంగానే బొత్తిగా వినబడదు.

ఆయన్ను పంపించి, మాస్టరు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఈసారి తాను లేనప్పటి భాగాలు వినలేదు. తాను మాట్లాడిన భాగాలే విన్నది. ప్రతి ఉచ్చుకు ముందు, ప్రతి అబద్ధానికి ముందు ఆగి, వెనక్కి జరిపి, మళ్లీ విన్నది.

సన్యాసి వేషంలోని రాక్షసుడు దారి చూపడానికి ముందు, గాజు మీద లోహం తగిలిన చప్పుడు. కింగు, కింగు. విరిగిన నిచ్చెన గట్టిదని చెప్పడానికి ముందు, కింగు, కింగు. తోడేళ్ల గుహ ఖాళీగా ఉందనడానికి ముందు కూడా అదే.

చెంచా. టీ గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు. బావగారికి చక్కెర కావాలి గనక ట్రేలో చెంచా ఉంటుంది. మాస్టరు చక్కెర మానేసి ఏళ్లయింది. ఆమె గ్లాసులో తిప్పడానికి ఏమీ లేదు.

మొదటి రికార్డింగ్ మొట్టమొదటికి వెళ్లింది. కింగు, కింగు. ఆ తర్వాత బాతు గొంతు: "నన్ను నేను మెరుగుపరచుకోవడానికి."

ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న. ఈ చెంచా గుట్టు ఎవరికి తెలుసు? దానికి జవాబూ అందులోనే ఉంది. చెంచా మోగిన ప్రతిచోటా, వెంటనే ఇంకో చప్పుడు ఆగిపోతోంది. టిక్కు టిక్కుమనే సూదులు. అవి ఆగిన కాసేపటికి అత్తగారి దొంగ వద్దంటుంది. దొంగ వద్దంటే వేటగాడు వద్దంటాడు. చివర్న యోధుడు తానూ అదే అనుకున్నానంటాడు.

అత్తగారికి తెలియకుండా ఎలా ఉంటుంది? కోడలు కాపురానికి వచ్చిననాటినుంచి ఒకే వంటిల్లు. మీరు చేసిన కూర బాగుంది అత్తయ్యా, ఆ గాజు జాడీ దానంతటదే పగిలింది అత్తయ్యా, అబ్బే నాకేం కోపం లేదు అత్తయ్యా. ఎన్ని చెంచాలు విని ఉంటారో!

చెంచా మానేయడానికి మాస్టరు ప్రయత్నించింది. చెయ్యి మాట వినలేదు. చెంచా ట్రేలో పెట్టకపోతే పెన్ను తీసుకుని తిప్పుతోంది. సరే, మానడం కాదు, వాడుకోవాలి అనుకుంది. నిజం చెప్పేటప్పుడు తిప్పాలి, అబద్ధం చెప్పేటప్పుడు చెయ్యి తొడ కింద పెట్టుకోవాలి. వారమంతా సాధన చేసింది. చెంచా తిప్పుతూ భర్తతో పాలు అయిపోయాయని నిజమే చెప్పింది. అతను లేచి పాలకు వెళ్లాడు. నిజం చెబుతూ కూడా చెంచా తిప్పడం వచ్చేసిందన్నమాట.

కథ ఆఖరి ఆదివారం వచ్చింది. కిరీటం దొరికింది. అది దొంగ మూటలోనే ఉంది, ఎందుకంటే దొంగతనం జరగని ఏకైక చోటు దొంగ మూటే అని బావగారు ముందే వాదించి గెలిచారు. మిగిలింది నది ఒక్కటే. అవతలి ఒడ్డున రాజుగారి కోట. దాటడానికి పాత రాతి వంతెన, రేవులో పడవ. వంతెన నిక్షేపంలా ఉంది. పడవ అడుగుకు మాత్రం శత్రువులు చిల్లులు పొడిచి మైనం పూశారు.

ఫోను రికార్డు చేస్తోంది. మాస్టరు చెంచా అందుకుంది. కింగు, కింగు.

"వంతెన గట్టిగానే ఉంది. బండ్లు కూడా పోతున్నాయి."

సూదులు ఆగాయి. ఆమె చెయ్యి తొడ కిందికి పోయింది.

"పడవా గట్టిదే. పడవవాడు రోజూ తిరిగేవాడే."

బావగారు వంతెన అన్నారు. తమ్ముడు పడవ అన్నాడు. బావగారు పడవవాడిని సాక్షిగా నిలబెట్టి ప్రశ్నించడం మొదలుపెట్టారు. తమ్ముడు అడ్డుపడ్డాడు, బావగారు గొంతు పెంచారు, ఆ హడావిడిలో అత్తగారు ఏదో గొణిగారు. మాస్టరు ఎప్పటిలా సరే సరే అంది. గొడవ సద్దుమణిగాక అత్తగారు మళ్లీ అల్లిక అందుకుంటూ తేల్చారు.

"వంతెన వద్దు. పడవెక్కుదాం."

"నేనూ అదే అనుకున్నాను," అన్నారు బావగారు.

నది నడుమ మైనం కరిగింది. యోధుడు కవచంతో సహా, మధ్యలో వాక్యం తెగిపోయి, మునిగిపోయాడు. వేటగాడి పాచిక దారుణంగా పడింది. ఇనుప బూట్ల దొంగకు పాచిక వేయించవలసిన అవసరం కూడా మాస్టరుకు కనిపించలేదు. అందరూ మునిగారు, కిరీటం మునిగింది, కథ ముగిసింది. నదిలో మైనం కరగడానికి నీళ్లు అంత వేడిగా ఉంటాయా అని బావగారు మొదలుపెట్టబోయారు.

"మునిగినవాళ్లు మాట్లాడకూడదు బావా," అన్నాడు తమ్ముడు, తానూ మునిగానని మరిచిపోయి.

కుర్చీ నిలిచింది. ఆ రాత్రి మాస్టరు హాయిగా నిద్రపోయింది.

మర్నాడు తన గెలుపు తాను వినాలని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. తీరిగ్గా, టీ తాగుతూ విన్నది. చెంచా మోగింది, సూదులు ఆగాయి. బావగారు పడవవాడిని ప్రశ్నించారు, తమ్ముడు అరిచాడు. ఆ అరుపుల కింద, సన్నగా, అత్తగారి గొంతు.

"నా దొంగ బూట్లు విప్పి ఒడ్డునే వదిలేస్తుంది. మూట నడుముకు గట్టిగా కట్టుకుంటుంది."

దానిమీద బాతు గొంతు: "సరే సరే."

మాస్టరు టీ గ్లాసు కింద పెట్టింది.

పడవ మునుగుతుందని తెలియనివాళ్లు, ఎక్కేముందు బూట్లు విప్పరు. అంటే చెంచా మోసం అత్తగారి దగ్గర పారలేదు. పారకపోయినా అందరినీ ఆమే పడవెక్కించారు. పైగా మాస్టరు సరే అంది కాబట్టి ఆట ప్రకారం బూట్లు ఒడ్డున ఉన్నాయి, దొంగ తేలికగా ఉంది, మూటలో కిరీటం ఉంది. కథ ముగియలేదు. దొంగ ఈది ఒడ్డెక్కితే రాజుగారి కోట ఎదురుగానే ఉంది.

ఈ సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఒక మీట నొక్కితే రికార్డింగ్ చెరిగిపోతుంది. మాస్టరు ఆ మీటవైపు చాలాసేపు చూసింది. మెరుగుపడటానికే రికార్డు చేస్తున్నానని అబద్ధం చెప్పి మొదలుపెట్టిన పని ఇది. సిగ్గుచేటేమిటంటే, ఆ అబద్ధం ఎప్పుడో నిజమైపోయింది.

సాయంత్రం అత్తగారు వంటింట్లో బీన్స్ తుంచుతున్నారు. కోడలు వెళ్లి ఎదురుగా కూర్చుని, తానూ నాలుగు కాయలు అందుకుంది.

"అత్తయ్యా, బూట్లు విప్పారట."

"చెప్పాను కదమ్మాయ్. సరే అన్నావు."

"చెంచా అబద్ధమని మీకెలా తెలిసింది?"

"చెంచా ఒక్కటే అనుకున్నావా? అసలుది ఇంకోటుంది."

"ఏమిటది?"

"చెప్తే మానేస్తావు."

కోడలు ఒక బీన్సు కాయను అవసరానికి మించి ముక్కలు చేసింది. తెలిసీ అందరినీ ఎందుకు ముంచారని అడిగింది. అత్తగారు ఈనె లాగి పక్కన పెట్టారు.

"ఆడితే గెలవాలనే ఆడతాను. కానీ మీ బావ కుర్చీ అడిగేసరికి ఆలోచించాను. నువ్వు సరే అంటావు, వినవు. ఆయన సరే అని కూడా అనడు."

కోడలు ఇంకో కాయ అందుకుంది. వచ్చే ఆదివారం అందరికీ రికార్డింగ్ వినిపిస్తానని, దొంగ బతికే ఉందని ఒప్పుకుంటానని చెప్పింది. కుర్చీ పోతుందేమో చూసుకోమన్నారు అత్తగారు. పోతే పోయిందని కోడలు అంది. అప్పుడు అత్తగారు ఆమె చేతులవైపు చూశారు. చేతుల్లో బీన్స్ తప్ప ఏమీ లేదు.

ఆదివారం రికార్డింగ్ మోగింది. బావగారు కళ్లు మూసుకుని, వేళ్లు కలిపి, జడ్జిలా విన్నారు. సరే సరే దగ్గర తమ్ముడు అక్క మొహం చూసి, చూడనట్టు బిస్కెట్టు తీసుకున్నాడు. సాక్ష్యం నిర్వివాదమని బావగారు ప్రకటించబోయి, తాను మునిగి ఉన్నానని గుర్తొచ్చి, తల మాత్రం ఊపారు.

మాస్టరు పాచిక అత్తగారి ముందుకు జరిపింది. "నది నడుమ ఉన్నారు. కాళ్లకు బూట్లు లేవు. వెయ్యండి."

పాచిక బల్ల అంచుదాకా దొర్లి, పడిపోదామా అని కాసేపు ఆలోచించి, నిలబడింది. మంచి అంకె. దొంగ ఒడ్డెక్కింది. మూటలో కిరీటం తడిసింది, అంతే. ఎదురుగా కోట తలుపులు తెరిచే ఉన్నాయి.

బావగారి మొహం వెలిగిపోయింది. మాట్లాడకూడదు గనక ఆయన కుర్చీనే చూస్తూ, అందులో దిండు వేసుకోవాలా వద్దా అన్నట్టు తల పక్కకు వంచారు. మాస్టరు అది చూసింది. అయినా అడగవలసిన మాట అడిగింది.

"మీ దొంగ ఇప్పుడు ఏం చేస్తుంది అత్తయ్యా?"

"వెనక్కి తిరిగి అడవిలోకి వెళ్లిపోతుంది."

"రాజుగారికి కిరీటం?"

"రాజుగారికెందుకు? నేను దొంగని."

బావగారు నోరు తెరిచారు. ఆయన జీవితంలో ఇంత మంచి వాదన ఎదురుగా ఉండి, వాదించలేని సందర్భం ఇంకొకటి లేదు. తమ్ముడు వేలెత్తి నేలవైపు, అంటే నది అడుగువైపు, చూపించాడు. బావగారు నోరు మూసి, ఒక బిస్కెట్టు మొత్తంగా లోపల పెట్టుకున్నారు. కిరీటం రాజుగారి చేతికి చేరలేదు. పందెం మాట పందెం మాటే.

అయితే ఆ కిరీటం ఏమవుతుందని మాస్టరు అడిగింది. కథ ముగించాలంటే తెలియాలి.

అత్తగారు అల్లిక ఒళ్లో పెట్టుకున్నారు. ఆమె కూడా చక్కెర వేసుకోరు. తీరిగ్గా ట్రేలోంచి చెంచా తీసి, తన టీ గ్లాసులో వేసి, కోడలి కళ్లలోకి చూస్తూ తిప్పారు. కింగు, కింగు.

"కరిగించి అమ్మేస్తుంది. ఇక ఈ దొంగ మీకు మళ్లీ కనబడదు."

మాస్టరు అలవాటుగా సరే అనబోయి, ఆగింది.

"విన్నాను, అత్తయ్యా," అంది.